కాక గొంతు పోయిన ఏడు

మొన్న మోకాళ్ళ నొప్పులకని నాందేడ్‌లో ఆసుపత్రికి వెళ్ళి కూర్చుంటే, ఎదురుగా గోడమీద మరాఠీలో ఒక బోర్డు కనిపించింది. వారాల తరబడి గొంతు బొంగురుగా ఉన్నా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా కేన్సర్ కావచ్చు, ఆలస్యం చేయక చూపించుకోండి అని. మా కాక జ్ఞాపకం వచ్చి, నా పేరు పిలిచినా లేవలేకపోయాను.

కాక అంటే మా నాన్న తమ్ముడు. పంతొమ్మిది వందల అరవైల్లో మా వాళ్ళకు నాందేడ్ మోండాలో, అంటే ధాన్యం బజారులో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉండేది, అక్కడ జొన్నకుప్పల ముందు నిలబడి హర్రాజు పాడేది కాకే. తెలుగులో ఎత్తుకుని, మరాఠీలో ధర పెంచి, ఉర్దూలో ముగించే ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించేది. ఒక ఏడు శనగల కాలంలో ఆ గొంతు జీరబోయింది. జలుబు లేదు, జ్వరం లేదు. కాక భార్య, మా చిన్నమ్మ, అతిమధురం కషాయం కాచి ఇచ్చింది, కరక్కాయ బుగ్గన పెట్టించింది, వానలు పడ్డా గొంతు తిరిగి రాలేదు. ఆమె భయపడితే కాక బీడీ ముట్టించుకుంటూ నవ్వేవాడు.

"ఏం గాదే, మోండాల అరిశి అరిశి గిట్లయింది. సీజన్ అయిపోతె అదే సక్కగైతది."

చెవిపోటంటే వెల్లుల్లి నూనె వేశారు, రొట్టె దిగడం లేదంటే పాలలో నానబెట్టి పెట్టారు, అంగీ వదులైతే తిరుగుడు ఎక్కువైందన్నారు. అన్నీ ఒక్క గొంతులోంచే వస్తున్నాయని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. దీపావళినాడు తలంటుతుంటే చిన్నమ్మ వేళ్ళకు కాక మెడ పక్కన గట్టి గడ్డ తగిలింది, నొప్పి కూడా లేదట. ఏనాడూ మా నాన్న ఎదుట నిలబడని ఆమె నూనెచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"బావా, గిది అరిశిన గొంతు గాదు. నీల్లు తాగినా దగ్గే అస్తున్నది. ఇయ్యాల్నే హైద్రాబాద్ తీస్కపోండ్రి."

అక్కడ డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసి, గొంతు మారిన కొత్తలోనే తెస్తే బతికించేవాళ్ళమని నాన్నతో అన్నాడట. కరెంటు పెట్టారు, అంటే ఇప్పుడు రేడియేషన్ అంటున్నదే, మెడ నల్లబడింది. ఊపిరాడక గొంతుకు రంధ్రం చేసి, ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపారు. చిన్నమ్మ మాత్రం ఒప్పుకోలేదు. గోదావరిలో మునిగి తడిచీరతో దర్గాకు పోయేది, హకీము కాళ్ళు పట్టుకునేది, బొంబాయి తీసుకపొమ్మని నాన్నను వేడుకుంటే ఆయన గోడవైపు తిరిగి ఏడ్చేవాడు. కాక పెదవులు కదిపేవాడు. చిన్నమ్మ ఆయన నోటి దగ్గర చెవి పెట్టినా గాలి చప్పుడే వినిపించేది. ఏమడుగుతున్నాడో తెలియక ఒకసారి నీళ్ళు, ఒకసారి దుప్పటి తెచ్చేది, ఆయన కాదని తలూపి కళ్ళు మూసుకునేవాడు. ఆ ఎండాకాలంలోనే, ఏం కావాలో చెప్పుకోలేకుండానే పోయాడు.

ఇప్పుడు ఆ రోగం పేరు పిల్లలు కూడా మామూలుగా పలుకుతారు, ముందే పట్టుకుని బాగైనవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. పేరెత్తితేనే అంటుకుంటుందని భయపడ్డ కాలం మాది. తరువాత చిన్నమ్మ బతికినన్నాళ్ళూ కాకకు ఏమైందో ఎవరితోనూ చెప్పలేదు. వాకిట్లో ఎవరైనా రెండుసార్లు దగ్గితే మాత్రం, చేస్తున్న పని విడిచి లేచి నిలబడేది.