యాపారం ఎవరి పేరు మీద

గుండ్లు కొట్టించుకునే ఊర్లో సీకాయ పొడి అమ్మి బతకాలనుకున్న మొగోడు మా మామ ఒక్కడే. పెండ్లయి నేను తిరపతికి కాపురానికి వచ్చిన కొత్తల్లో వీధిలో ఆడోళ్లు నన్ను పట్టుకొని అదే అడిగి నవ్వేవాళ్లు. "ఏమ్మే, మీ మామ పొడి ఎవురికి అమ్ముతాడు? ఈ ఊర్లో జుట్టుండేవోళ్లు యాడుండారు?" అని. నాకు ఒళ్లు మండేది. గుండు కొట్టించుకున్నోళ్లు సచ్చేదాకా గుండుతోనే ఉంటారా, మళ్లీ మొలవదా అని గట్టిగా అడిగేదాన్ని. పుట్టింట్లో ఉన్నప్పటి నుంచే నాకు నోరు జాస్తి అని పేరు.

డెబ్బైల ఆఖరు దినాలు అవి. పెద్దగుడి వెనకాల సందులో మా ఇల్లు. కింద రెండు గదులు, పైన మిద్ది. ఆ మిద్దంతా సీకాయే. తలకోన పక్క నుంచి మూటలు వచ్చేవి. ఎండబెట్టి, గింజ తీసి, మెంతులు, పెసలు, ఎండిన తంగేడు పూలు, నిమ్మతొక్కలు కలిపి మిల్లుకు పంపేవాళ్లము. పొడి జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగేవి కావు. ఇంటికి చుట్టాలు వస్తే పలకరింపులకంటే ముందు తుమ్ములే. ఇప్పుడు అంగట్లో రంగు రంగు పాకెట్లు కొనుక్కొస్తా ఉంటాను గానీ, ముక్కు కాడ పెట్టుకుంటే సెంటు వాసన తప్ప ఏమీ రాదు. ఒక్క తుమ్మన్నా రావాల కదా. ఆ మిద్ది, ఆ ఎండ, ఆ ఘాటు గుర్తొచ్చి మనసు ఎట్టనో అయిపోతాది.

ఏది ఎంత కలపాలో మా అత్తకే తెలుసు. కొలత పాత్ర లేదు, తూకం లేదు, చేటలో చెయ్యి పెట్టి చూసి ఇంకొంచెం మెంతులు పొయ్యమనేది. మా మామ పని ఊర్లు తిరిగి అమ్ముకొచ్చేది. పొడి ఆమెది, నోరు ఆయనది. ఆయన దేనికైనా ఆమెను "ఏమే" అని పిలిచేవాడు. ఆమె ఆయన్ని అసలు పిలిచేదే కాదు. పిలవాలంటే వాకిట్లోకి వచ్చి గాజులు గలగలమనిపించేది, లేకుంటే "చూడు, మీ మామను అన్నానికి రమ్మను" అని నాతో చెప్పేది. మామ పక్కనే కూర్చోనుంటాడు, అయినా నాతోనే చెప్పాల. నాకు నవ్వొచ్చేది.

మా ఆయన చిత్తూరు బస్సులో కండక్టరు. పొడి మూటలు ఆయన బస్సు మీదే చిత్తూరుకు పోయేవి. ఆడ ఒక పెద్దంగడి ఆయన మా సరుకంతా తీసుకొనేవాడు. ఇల్లు గడిచేది ఆ అంగడి మీదే అనుకోండి. మిగతా చిల్లర అంగళ్లు ఉప్పుకూ పులుసుకూ సరిపోతే గొప్ప.

ఒకరోజు ఆ పెద్దంగడి ఆయన మామను కూర్చోబెట్టి చెప్పేసినాడు. "అప్పా, నువ్వు సేల్స్ టాక్సు ఆఫీసులో రిజిస్టరు చేయించుకో. బిల్లు మీద నంబరు ఉండాల. నంబరు లేనోళ్ల కాడ సరుకు కొంటే ఆ పన్ను నా నెత్తిన పడతా ఉండాది. వచ్చే నెల నుంచి నంబరుంటేనే రా, లేకుంటే వద్దు." మామ ఆ పొద్దు ఇంటికి వచ్చి అన్నం ముందర కూర్చొని కలుపుతానే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. నంబరు రాకుంటే మిద్ది మీద సీకాయ మిద్ది మీదే పుచ్చిపోవాల్సిందే.

ఇంగ మామ కాళ్లకు చెప్పులరిగిపోయినాయి. తెలిసిన యాపారస్తులు ఇద్దర్ని బతిమాలి జామీను సంతకాలు పెట్టించినాడు. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని కదా, అర్జీ నింపే పని నా మీద పడింది. యజమాని పేరు, యాపారం పేరు, సరుకు ఉండే చోటు, అన్నీ దిద్ది దిద్ది రాసినాను. అత్త ఆ కాయితానికి నాలుగు మూలలా పసుపు పెట్టింది. "గవర్మెంటు కాయితానికి పసుపేందత్తా" అంటే, "గవర్మెంటుకైతే మంచి జరగొద్దా?" అనింది. ఇంటికి బోర్డు కావాలన్నారని పెయింటరుకు చెప్పినాము. అది ఎండి సిద్ధమైనా, మంచిరోజు చూసి తగిలిద్దామని మామ పెయింటరు దగ్గరే పెట్టించినాడు. అదే కొంప ముంచింది.

ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు, యాపారం నిజంగా ఉండాదా లేదా అని చూసిపోయేదానికి వచ్చినాడు. ముందుగా చెప్పి రారు కదా. మామ మూటల కోసం తలకోన పక్కకు పోయినాడు, నేను మిల్లు కాడ వరసలో నిలబడినాను. ఇంట్లో అత్త ఒక్కతే జల్లెడ పట్టుకొని కూర్చోనుండాది. నేను గోతాం నెత్తిన పెట్టుకొని సందులోకి వచ్చేసరికి ఎవరో ప్యాంటు ఆయన కండ్లు తుడుచుకుంటా, తుమ్ముకుంటా ఎదురొచ్చినాడు. ఎవరో పాపం అనుకున్నాను. ఇంట్లోకి పోతే అత్త మొహం పాలిపోయి ఉండాది.

"ఏమైందత్తా?" అంటే మెల్లిగా చెప్పింది. వచ్చినాయన మర్యాదగానే అడిగినాడంట. "యజమాని ఎవరమ్మా?"

"మాయింటాయన."

"పేరు?"

అత్త తల దించుకొని నవ్వి ఊరుకొనింది. ఆయన మళ్లీ అడిగినాడు. ఇంగ తప్పదని, "కొండమీద ఉండాడే, ఆయన పేరే" అని చెప్పింది. మా ఊర్లో ఆడోళ్లందరూ మొగుని పేరు చెప్పాల్సొస్తే అట్ట గుర్తులే చెప్పేది. వినేవోళ్లు అర్థం చేసుకొని పేరందిస్తారు, ఈమె తలూపుతుంది. కానీ తిరపతిలో ఆ గుర్తు చెప్తే ఏం పని జరుగుతుంది? సగం ఊరు మొగోళ్లది ఆయన పేరే. ఆ స్వామికేమో వెయ్యి పేర్లు. ఇన్‌స్పెక్టరు అదే అన్నాడంట, "వెయ్యి పేర్లలో ఏదమ్మా?" అని. ఈమె "అందరూ పిలుస్తారే, అది" అనిందంట. ఆయన వాకిలి పైకి చూస్తే బోర్డు లేదు. లోపలికి చూస్తే మొగోడు లేడు. ఏందో రాసుకొని, తుమ్ముకుంటా పోయినాడు.

తర్వాత ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. సరుకున్న చోట ఉన్న మనిషికి యజమాని పేరే తెలీదంట, అందువల్ల ఈ యాపారం వేరే ఎవరిదో అని అనుమానమంట, ఆ మనిషిని వెంటబెట్టుకొని వచ్చి సంజాయిషీ ఇయ్యకుంటే అర్జీ కొట్టేస్తారంట. నేను చదివి చెప్తా ఉంటే మామ మొహం ఎర్రబడిపోయింది.

"ఇంతకాలం కాపురం చేసి, నా పేరే తెలీదని రాయించినావు గదే" అన్నాడు.

"తెలీదని నేను చెప్పలేదు" అనింది అత్త, ఆయనతో కాదు, గోడతో.

"మరి చెప్పకూడదా? నాలుగక్షరాలు."

అత్త జల్లెడ ముందరేసుకొని కూర్చొనింది. ఆయన బయటికి పోయినాక నాతో చెప్పింది. వాళ్లమ్మ ఒకసారి కోపంలో వాళ్ల నాయన్ని పేరు పెట్టి తిట్టిందంట. ఆ ఏడే ఆయన పోయినాడంట. మొగుని పేరు పెండ్లాము నోట్లో నుంచి వస్తే ఆయుస్సు తగ్గుతాది అని వాళ్లమ్మ సచ్చేదాకా ఏడిచిందంట. నాకేమో కోపం. ఆడ బతుకుతెరువు పోతా ఉంటే ఈమెకు ఈ పిచ్చేంది అని.

"అట్టయితే మన వీధి పోస్టుమాను దినమంతా అందరి పేర్లూ అరుస్తానే ఉంటాడు, ఊరంతా ఖాళీ అయిపోయుండాల కదత్తా" అన్నాను.

"పోస్టుమాను వాళ్లకు పెండ్లామా ఏందే?" అనింది.

నా తిక్క నాకుండాది కదా. "ఇదిగో చూడు, నేను చెప్తాను" అని మా ఆయన పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పినాను. అత్త ఉరికొచ్చి నా నోరు మూసింది. దేవుని గూటి కాడికి పోయి కర్పూరం వెలిగించింది. సరిగ్గా ఆ పొద్దే పూతలపట్టు కాడ బస్సు చెడిపోయి మా ఆయన రావాల్సిన వేళకు రాలేదు. అంతసేపూ అత్త వాకిలి వైపే చూస్తా కూర్చొనింది. నిజం చెప్పాలంటే నాకూ లోపల బెదురే. మా ఆయన గేటు తీసిన చప్పుడు వినగానే ఇద్దరమూ ఒకేసారి లేచినాము. ఆయనకేమీ అర్థం కాలేదు.

ఆఫీసుకు ముగ్గురమూ పోయినాము. మేడ మీద గది, పైన ఫ్యాను కిర్రు కిర్రుమని తిరుగుతా ఉండాది. ఆఫీసరు నెమ్మదస్తుడు మాదిరే ఉన్నాడు. పక్కన మా ఇన్‌స్పెక్టరు. మమ్మల్ని చూడగానే ముక్కు రుద్దుకున్నాడు.

"ఈయనేనా అమ్మా మీ ఇంటాయన?"

"ఊ."

"పేరు చెప్పు తల్లీ. నీ నోటితో చెప్తేనే రాసుకునేదానికి కుదురుతాది. వేరేవాళ్లు చెప్పకూడదు."

ఆఖరి మాట నన్ను చూసే అన్నాడు. నేను అప్పటికే నోరు తెరిచుండాను మరి.

అత్త పైట కొసను వేలికి చుట్టుకుంటా నిలబడింది. ఇంట్లో నుంచి బయలుదేరేటప్పుడే చెప్పేయాలని గట్టిగా అనుకొని వచ్చినట్టుండాది. పెదాలు కదిలినాయి. మాట గొంతులో నుంచి పైకి రాలేదు. నొసలంతా చెమట. మళ్లీ ప్రయత్నం చేసింది. ఈసారి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఆమె మామ వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. నువ్వు బతకాల్నా, నేను నీ పేరు చెప్పాల్నా అని ఆయన్నే అడిగినట్టుండాది. నేను ఇంట్లో ఆమెను ఎంత ఎగతాళి చేసినానో అదంతా ఒక్కసారి గుర్తుకొచ్చింది.

అప్పుడు మామ కుర్చీలో నుంచి లేచినాడు. "వద్దు సార్. దాన్ని ఇబ్బంది పెట్టొద్దు. ఆ అర్జీ పక్కన పెట్టేయండి. యాపారం ఆమె పేరు మీద రాసుకోండి."

ఆఫీసరు కండ్లద్దాలు తీసి చూసినాడు.

"కలిపేది ఆమె సార్, జల్లించేది ఆమె. నేను మోసుకుపోయి అమ్మేవాణ్ణి. ముందే ఆమె పేరు మీద రాసుండాల, నాకు తోచలేదు."

"సరే, మరి ఆమె పేరు?"

మామ ఒక్క క్షణం తడబడినాడు. నాకప్పుడు తట్టింది, ఈయన మాత్రం ఆమెను ఎప్పుడు పేరు పెట్టి పిలిచినాడని. "ఏమే" తప్ప ఇంకో మాట నేను వినిందే లేదు. మామ గొంతు సవరించుకొని, ఆఫీసరుతో కాదు, నేల చూస్తా, ఆమె పేరు చెప్పినాడు. మెల్లిగా, ముద్దగా. కాపురానికొచ్చిన ఇంత కాలానికి మా అత్త పేరు నేను వినడం అదే మొదలు. అత్త గభాల్న పైట మొహానికి అడ్డం పెట్టుకొనింది. పెండ్లి పీటల మీద కూడా అంత సిగ్గుపడుండదు. ఆఫీసరు నవ్వు ఆపుకొని, "మళ్లీ భర్త పేరు అని ఒక గడి ఉండాది ఈడ" అన్నాడు. "అది నేనే చెప్తాలెండి సార్" అన్నాడు మామ. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వినాడు.

కొత్త అర్జీ, కొత్త జామీను, కొత్త బోర్డు. పెయింటరు గొణుక్కుంటానే మామ పేరు చెరిపి అత్త పేరు రాసినాడు. నెల తిరిగే లోపల నంబరొచ్చింది, చిత్తూరు అంగడి నిలిచింది. సర్టిఫికెట్టు అద్దం కట్టించి స్వామి పటం పక్కన తగిలించినాము. అత్త సంతకం నేర్చుకొనింది. లెక్కల కాయితం ఆఫీసుకు పోయేటప్పుడల్లా నాలుగు మూలలా పసుపు. ఆడి గుమాస్తా పసుపు చూసి విసుక్కొనేవాడు, తర్వాత తర్వాత పసుపు లేకుంటే ఇది మీది కాదేమో అని అడిగేవాడు. ఎవరైనా వాకిట్లోకి వచ్చి ఓనరు ఎవరంటే మామ మీసం దువ్వుకొని లోపలికి చూపించేవాడు. ఏ కొరతా లేదని కాదు గానీ, మా ఇంట్లో అంత నవ్వు మళ్లీ ఎప్పుడూ లేదు. ఆ ఏండ్లు మళ్లీ రావు.

ఎనబైలు సగం దాటినాక మామ పోయినాడు. జ్వరమని పడుకున్నాడు, లేవలేదు. ఆ తర్వాత ఆ ఇల్లు ఖాళీ చేసి వేరే వీధికి పోయినాము. యాపారం చోటు మారిందని ఆఫీసులో రాయించాల్సొచ్చింది. అత్తను తోడుకొని నేనే పోయినాను. అదే మేడ, అదే ఫ్యాను. మనుషులు మాత్రం అందరూ కొత్తోళ్లు. గుమాస్తా తల ఎత్తకుండా ఒక్కొక్క గడీ అడిగి రాసుకుంటా పోయినాడు. యాపారం పేరు, యజమాని పేరు, కొత్త చోటు.

"భర్త పేరు?"

నేను చెప్పేదానికి నోరు తెరిచినాను. అత్త నా ముంజేయి పట్టుకొని ఆపింది. ఇంటిపేరుతో సహా ఆమే చెప్పింది. తడబాటు లేదు, తొందర లేదు. గుమాస్తా సిరా పోసుకుంటా, ఇంకోసారి చెప్పమన్నాడు. మళ్లీ చెప్పింది, ఈసారి ఇంకా నిదానంగా.

మెట్లు దిగేటప్పుడు ఆమె చెయ్యి నా చేతిలోనే ఉండాది. "అట్ట చూస్తావేందే" అనింది. "ఇంగ తగ్గేదానికి ఏముండాది?"