బిరడాల ఫ్యాక్టరీ వాళ్ల జట్టు

నరసరావుపేటలో బైపాస్ పక్కన కొత్తగా కట్టిన ఫ్లెక్సీ చూసి బండి ఆపాను. ఆకుపచ్చ డాలు, దాని మధ్యలో ఒక చెట్టు కొమ్మ. పోర్చుగల్‌లో ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్ గుర్తు అది. మన జిల్లాలో దాన్ని చూడగానే పోల్చుకునేవాణ్ని నేనొక్కణ్నే అయుంటాను. కింద పెద్ద అక్షరాలతో "పోర్చుగల్ క్లబ్ వారి ఫుట్‌బాల్ అకాడమీ, త్వరలో మన పేటలో" అని ఉంది. ముందు ఎగిరి గంతేసినంత పనయింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది. ఇంతకీ వీళ్లు ఏ క్లబ్ వాళ్లు?

మాది రొంపిచెర్ల. ఇప్పుడు పేటలో ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు పెట్టుకున్నాను గానీ, అంతకు ముందు కొన్నేళ్లు పోర్చుగల్‌లో ఉన్నాను. లిస్బన్‌కి నది అవతలి ఒడ్డున ఒక ఊళ్లో, చేపలు ప్యాక్ చేసే కోల్డ్ స్టోరేజీలో పని. భాష రాదు. ఆదివారం వస్తే గదిలో పడుకోవడం తప్ప ఏమీ తోచేది కాదు. పక్క వాటాలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. ఒక ఆదివారం ఆయన నా తలుపు కొట్టి, నా మెడలో ఒక ఆకుపచ్చ మఫ్లర్ వేసి, రమ్మని చెయ్యూపాడు. ఎక్కడికో తెలియకుండానే వెళ్లాను. తీసుకెళ్లింది ఫుట్‌బాల్ మ్యాచ్‌కి. ఆ తర్వాత ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ, మా జట్టు సొంత మైదానంలో ఆడిన ఏ ఆదివారమూ నేను ఇంట్లో లేను.

క్లబ్ చరిత్ర ఆయన చెప్పిందే. సగం వాళ్ల భాషలో, సగం చేతులతో చెప్పేవాడు. ఆయన తాత పనిచేసిన ఫ్యాక్టరీలో సీసాలకు బిగించే బెండు బిరడాలు తయారయ్యేవి. షిఫ్టు దిగిన కూలీలు కొందరు రైలు పట్టాల పక్కన ఖాళీ స్థలంలో రాళ్లు ఏరి మైదానం చేసుకున్నారు. జట్టు అలా పుట్టింది. చుట్టూ గోడకి ఇటుకలు ఆడవాళ్లు బుట్టల్లో మోశారట. డాలు మీదున్నది ఆ బెండు చెట్టు కొమ్మే. దేశాన్ని నియంత ఏలిన రోజుల్లో, నలుగురు ఒకచోట చేరితే పోలీసులు ఆరా తీసే కాలంలో, ఆ మైదానం గట్టు మీద మాత్రమే జనం మనసులో మాట మాట్లాడుకునేవాళ్లట.

తర్వాతెప్పుడో జట్టు ఒక్కో మెట్టూ ఎక్కి దేశంలోని పెద్ద లీగుకు చేరింది. అక్కడున్నది ఒక్క సీజనే. ఆ సీజన్లో రాజధాని నుంచి పెద్ద జట్టొకటి వచ్చి, ఆ మట్టి గట్ల మైదానంలో గెలవలేక డ్రా చేసుకుని పోయింది. మా జట్టు గోల్ ఎక్కణ్నుంచి ఎలా కొట్టిందో పెద్దాయన టేబుల్ మీద ఉప్పు డబ్బా, గ్లాసూ పెట్టి చూపించేవాడు. అప్పుడు ఆయన పిల్లవాడట. నాన్న భుజాల మీద కూర్చుని చూశాడట.

ఆ తర్వాతంతా దిగడమే. ఫ్యాక్టరీ మూతపడింది. ప్రొఫెషనల్ లీగులో ఆడే జట్టుని కంపెనీగా మార్చాలని అక్కడ చట్టం. చందాలు కట్టి క్లబ్‌ని నడిపే సభ్యులు అలాగే మార్చారు. పెద్ద వాటా కొన్నవాడు కొన్నాళ్లకి ఆటగాళ్లని, లీగులో స్థానాన్ని, పేరుని అన్నీ పట్టుకుని వేరే నగరంలో అద్దె స్టేడియంకి వెళ్లిపోయాడు. మిగిలింది ఖాళీ మైదానం, సభ్యులు. వాళ్లు సమావేశం పెట్టుకుని, చేతులెత్తి ఓటేసి, అన్నిటికన్నా అడుగునున్న జిల్లా లీగులో కొత్త జట్టు మొదలుపెట్టారు. నేను చూసినవన్నీ ఆ అడుగు లీగు మ్యాచులే. ఆటగాళ్లలో ఒకడు ఎలక్ట్రీషియన్, ఒకడు బస్సు డ్రైవరు. గుర్తు ఎవరికి చెందుతుందన్న దావా మాత్రం కోర్టులో వాయిదాల మీద నడుస్తూనే ఉంది.

అందుకే పేటలో ఫ్లెక్సీ చూసి నాకు అనుమానం వచ్చింది. అకాడమీ ఆఫీసుకి వెళ్లి అడిగితే అనుమానం నిజమే అయింది. అకాడమీ పెడుతున్నది జట్టుని ఎత్తుకుపోయిన ఆ కంపెనీ తరఫున. నిర్వాహకుడు విజయవాడ కుర్రాడు, చాలా మర్యాదస్తుడు. నేను ఆ ఊళ్లో ఉండి వచ్చానంటే కుర్చీ తెచ్చి వేశాడు.

"మీలాంటోళ్లే కావాలన్నా మాకు! ప్రారంభోత్సవం రోజు క్లబ్ చరిత్ర గురించి కాసేపు మాట్లాడండి" అన్నాడు.

ఆఫీసు గోడకి ఒక పెద్ద బోర్డు పెట్టారు. దాని మీద క్లబ్ చరిత్ర ఇంగ్లీషులో ఉంది. కూలీలు లేరు, ఇటుకలు లేవు, పెద్ద లీగులో ఆ ఒక్క సీజన్ లేదు. కంపెనీ పుట్టినప్పుడే క్లబ్ కూడా పుట్టినట్టు రాశారు.

"ఇది తప్పు తమ్ముడూ" అన్నాను.

"హైదరాబాద్‌లో ప్రింటయి వచ్చిందన్నా. నాకేం తెలుసు? మీరు మైకులో చెప్పండి, అందరూ వింటారు."

మా అక్క వాళ్ల అమ్మాయి అప్పటికే అక్కడ చేరింది. ఏడో తరగతి. అక్క కాపురం పేటలోనే. ప్రారంభోత్సవానికి అక్క, బావ కూడా వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, రైలు పట్టాల పక్కన రాళ్లు ఏరిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. జనం బాగానే విన్నారు. ఇటుకల సంగతి చెబుతుంటే ముందు వరసలో ఒకామె తలూపింది కూడా. "ఇక అసలు గొడవ ఎక్కడొచ్చిందంటే" అనేసరికి గేటు దగ్గర డప్పులు మోగాయి. ముఖ్య అతిథిగా పిలిచిన నాయకుడి కారు వచ్చింది. ఎవరో నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. నాయకుడు రిబ్బన్ కత్తిరించి, మన పల్నాటి పిల్లలు ప్రపంచకప్ తేవాలని చెప్పి, బంతిని ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయాడు. జనం ఆయన వెనకే వెళ్లారు. నేను వేదిక మీద సగం మాటతో నిలబడిపోయాను.

ఇంటికొచ్చాక అక్క దగ్గర నా బాధ వెళ్లగక్కి, పిల్లని అక్కడ మానిపించమన్నాను.

"ఒరేయ్, అదే పేరు, అదే బొమ్మ. ఇంకేంది నీ బాధ?" అంది అక్క.

"పేరు వాళ్లది కాదక్కా. జనం కట్టుకున్నదాన్ని ఎత్తుకుపోయారు."

"ఎక్కడో పోర్చుగల్‌లో ఎవడో ఏందో చేస్తే, నా కూతురు ఇక్కడ ఆట మానుకోవాల్నా? పొద్దున్నే లేచి, ఫోన్ పక్కన పడేసి పోతంది. నాకు అది చాలు."

అక్క చెప్పిందీ నిజమే. కోపం మాత్రం తగ్గలేదు. బావ నవ్వుతూ, "మన ఊళ్లో స్థలాల తగాదాలు చాలవా, అక్కడివి కూడా నెత్తినేసుకున్నావు" అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దాయనకి వీడియో కాల్ చేశాను. చెప్పకూడదనుకుంటూనే ఫ్లెక్సీ సంగతి చెప్పాను. ఆయన "మీ ఊళ్లో కూడానా?" అని మాత్రం అని, మ్యాచ్‌కి వేళయిందని లేచాడు. చెప్పకుండా ఉంటే బాగుండేదని ఆ రోజంతా అనుకున్నాను.

దాంతో పట్టుదల పెరిగింది. వారం వారం ఆ నిర్వాహకుడి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. బోర్డు మార్చమన్నాను. అసలు చరిత్ర తెలుగులో నేనే రాసిచ్చాను. కంపెనీకి మెయిల్ పెట్టాను. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని కంప్యూటరు జవాబు వచ్చింది. చివరికి ఆ కుర్రాడే విసిగిపోయో, జాలిపడో, "సరే అన్నా, బోర్డు తీయించేస్తా. కొత్తది పెడదాం" అన్నాడు. నిజంగానే తీయించాడు. గోడ ఖాళీగా ఉన్న ఆ కొద్ది రోజులూ నేను గెలిచాననే అనుకున్నాను.

కొత్త బోర్డు వచ్చింది. దాని మీద నాయకుడి నిలువెత్తు ఫొటో, బంతిని తన్నుతూ. పక్కన ఫీజుల వివరాలు, రెండు ఫోన్ నంబర్లు. చరిత్ర లేదు. తప్పుదీ లేదు, నేను రాసిచ్చిందీ లేదు.

"ఎవరికీ గొడవ లేకుండా తీసేశామన్నా" అన్నాడు ఆ కుర్రాడు, నేను సంతోషిస్తాననుకుని.

మేనకోడల్ని మానిపించమని ఇక అక్కని అడగలేదు. బావకి పనున్నప్పుడు నేనే బండి మీద దించి వస్తున్నాను. దాని కోచ్ అనంతపురం అతను. పిల్లల్ని కసురుకోడు. ఎడమ కాలితో కూడా కొట్టాల్సిందే అని ఓపిగ్గా నేర్పుతాడు. అతని మీద నాకేం కోపం లేదు. కానీ ఆ డాలు గుండె మీద వేసుకుని పిల్లలు పరిగెడుతుంటే చూడబుద్ధి కాదు, చూడకుండా ఉండబుద్ధీ కాదు. మొన్న మా మేనకోడలు గోల్ కొట్టి, "మావా, చూశావా?" అని అరిచింది. చూశానన్నాను. బాగా కొట్టింది కూడా. చప్పట్లు కొట్టబోయి, కంచె ఇనుప తీగ పట్టుకుని అలాగే నిలబడ్డాను.