షెడ్డులో ఫ్యాను, నేలలో గోల

"ఉప్పునీళ్ళు చెట్ల మొదట్లో ఒక్క చుక్క పడ్డా ఊరుకోను" అన్నాను.

"చెట్టుకి కాదు అమ్మమ్మా, ఊచకి! చెంబుడు నీళ్ళు, గుప్పెడు ఉప్పు. నేల పొడిగా ఉంటే కరెంటు దిగదు."

"దిగకపోతే మానెయ్. మామిడి చెట్టుకి ఉప్పు పెట్టినవాళ్ళని నేనెక్కడా చూడలేదు."

"కరెంటు దిగడం మాత్రం చూశావా?"

"నోరు తగ్గించు. చదివింది మూడో తరగతే అయినా చెట్టు సంగతి నీకంటే నాకు తెలుసు."

మైలవరం అవతల మా మామిడి తోటలో, నా కూతురి కూతురికీ నాకూ పట్టపగలు జరిగిన తగువు ఇది. షెడ్డులో కూర్చున్నదాన్ని, అది ఉప్పు పొట్లం విప్పడం చూసి లేచి వెళ్ళాను. చివరికి చెట్లకి ఎడంగా పోసేటట్టు ఒప్పుకుంది. మాట తప్పుతుందేమోనని అక్కడే నిలబడ్డాను.

నేను పుట్టింది కంకిపాడు దగ్గర. అక్కడ ఎక్కడ తవ్వినా నీళ్ళే. ఇక్కడికి కాపురానికొచ్చాక తెలిసింది, నేల కింద రాయి కూడా ఉంటుందని. ఉన్న బోరు సన్నబడింది. ఇంకోటి ఎక్కడ వెయ్యాలో చూసిపెడతానని మనవరాలు తను తయారుచేసిన పెట్టెతో వచ్చింది. అది కరెంటు చదువు చదువుతోంది. రెండేళ్ళుగా ఆ పెట్టె మీదే కూర్చుంది.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. వరసగా ఇనప ఊచలు దిగ్గొట్టి, రెండింటి మధ్య నేలలోకి కరెంటు పంపుతారు. తడి మట్టి దారి ఇస్తుంది, రాయి ఇవ్వదు. మిగతా ఊచల దగ్గర కొలుచుకుంటే కిందున్నది బొమ్మలా తేలుతుందట. పాత మిషను ఒక్కో చోట చాలాసేపు వింటుంది, పొద్దస్తమానం పడుతుంది. దీని పెట్టె పది చోట్ల ఒకేసారి, గబగబా వింటుంది. అయితే గబగబా వినేదానికి గోల ఎక్కువ తగులుతుందట. "గోలేంటే, పిట్ట కూడా అరవట్లేదు" అంటే, "మన మందిరంలో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే పక్కన జనరేటరు ఆడినట్టు. నేలలో అలాంటిది ఉంటుంది, నీకు వినపడదు" అంది. నేల గురించి నాకు తెలియనిది ఉందంటే ఒళ్ళు మండింది.

సోమవారం దాని సారుకి రెండు బొమ్మలు చూపించాలి. ఒకే వరస మీద వెంటవెంటనే రెండుసార్లు తీసినవి, రెండూ ఒకేలా ఉండాలి. లేకపోతే పెట్టె పక్కన పడేసి వేరే పని చూసుకోమన్నాడట ఆయన. మేం తోటకి వెళ్ళింది శనివారం.

మొదటి బొమ్మ చక్కగా వచ్చింది. నేను షెడ్డులోకి వెళ్ళి కూర్చున్నాను. రెండోది తీసింది. బొమ్మంతా చిందరవందర. ఏమైందోనని నేను వెళ్ళి నిలబడ్డాను. మళ్ళీ చక్కగా వచ్చింది. వెనక్కి వెళ్ళాను. మళ్ళీ పాడైంది.

"అమ్మమ్మా, నువ్వంటే దీనికి భయంలా ఉంది. ఇక్కడే నిలబడు" అంది నవ్వుతూ. ఎండకి ఆగలేక నేను మళ్ళీ షెడ్డులోకి పోయాను. ఇంకోసారి పాడయ్యేసరికి దాని నవ్వు పోయింది. "ఉప్పు సరిగ్గా పొయ్యనిచ్చావు కాదు. అందుకే" అంది.

"బాగా వచ్చినప్పుడు కూడా ఆ ఉప్పేగా?"

అది వెళ్ళి ఊచలన్నీ ఒక్కొక్కటే కదిపి చూసింది. మనిషి నిలబడితే నేల ఒకలా, కూర్చుంటే ఇంకోలా ఉంటుందా? ఊచలు పీకి, తీగలు చుట్టి, ఇద్దరం ఇప్పుడు మేముండే భవానీపురం ఇంటికి వచ్చాం.

సాయంత్రం అది బల్ల మీద కాగితాలు పరుచుకుని, ముఖం వేలాడేసుకుని కూర్చుంది. నేను వంటింట్లోకి పోతూ ఫ్యాను కట్టేశాను.

"అమ్మమ్మా, నేనిక్కడ ఉన్నానుగా!"

"ఉంటే వేసుకో. కుర్చీలోంచి లేస్తే ఫ్యాను కట్టెయ్యడం నాకలవాటు."

అది తలెత్తి చూసింది. "తోటలో కూడానా? షెడ్డులోంచి లేచినప్పుడల్లా?"

"కట్టెయ్యకుండా ఎవరికి తిప్పను?"

"ఆ ఫ్యానుకి ఒక తీగ మోటారు స్టార్టరు నుంచి. రెండోది ఎక్కడిది?"

నేను కూర తిప్పుతూనే చెప్పాను. స్తంభం నుంచి షెడ్డు దాకా రెండో తీగ లాగడం దండగని, ఫ్యాను రెండో కొసని బోరు గొట్టానికి చుట్టించింది నేనే. మా చుట్టుపక్కల చాలా షెడ్లలో అంతే. ఆ కరెంటు భూమిలోకి పోయి అక్కడే పోతుందనుకున్నానని కూడా అన్నాను.

"పోవడం ఏంటి? నా ఊచల కిందనుంచే తిరిగి వెళ్తోంది! రెండేళ్ళ నా పనిని నీ ఫ్యాను తినేస్తోంది. ఆ గొట్టం ఎవరైనా ముట్టుకుంటే ప్రాణం పోద్ది, తెలుసా?"

"ఇన్నేళ్ళూ పోలేదుగా!" అన్నాను. అన్నానే గానీ, పొద్దున్నే ఆ తీగ పీకెయ్యాలని పటకారు వెతికి సంచిలో పెట్టుకున్నాను. కంటికి కనపడని కరెంటు నేలలో ఎటు పోతుందో, ఎలా తిరిగొస్తుందో ఎంత ఆలోచించినా అందలేదు. ఇప్పటికీ అందదు.

తెల్లారి మందిరం మానేసి, కరెంటు రాకముందే తోటకి వెళ్ళాం. ఆ తీగ పీకేద్దామని నేను పటకారు తీస్తే అది చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఈ ఒక్క పూట ఉంచు. ప్రతి తోటలోనూ నీలాంటి అమ్మమ్మ ఒకావిడ ఉంటుంది. ఫ్యాను తిరుగుతుండగానే నా పెట్టె సరిగ్గా వినాలి."

రాత్రి కూర్చుని, పెట్టె వినే సమయాన్ని మన కరెంటు ఊపుకి సరిపోయేలా మార్చిందట; ఊపులో పైకి పోయిందీ కిందికి పోయిందీ చెల్లుకు చెల్లయి ఫ్యాను గోల మిగలదట. బోరు గొట్టం చుట్టూ ముళ్ళకంప వేసి, ఎవరినీ దగ్గరికి రావద్దంది. కరెంటు వచ్చాక నన్ను షెడ్డులో కూర్చోబెట్టి, తను చెప్పేదాకా ఫ్యాను కట్టొద్దంది. మధ్యలో మంచినీళ్ళకి లేచినా ఫ్యాను తిరుగుతూనే ఉంది. చూడలేక గోడ వైపు తిరిగి తాగాను.

తర్వాత ఫ్యాను కట్టించి ఇంకో బొమ్మ తీసింది. రెండూ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఎరుపంటే రాయి, నీలమంటే తడి అంది. ఎర్రగా ఉన్నచోట రెండింట్లోనూ ఎరుపే. తూర్పు కంచె దగ్గర కిందికి దిగిన నీలం పాయ రెండింట్లోనూ ఒక్కచోటే ఉంది. మూలన కాస్త తేడా ఉంది. ఆ మాత్రం సారు ఒప్పుకుంటాడంది.

మెయిను తీయించి, పటకారుతో బోరు గొట్టానికి చుట్టిన తీగ నేనే విప్పాను. తర్వాత ఇద్దరం మైలవరం బజారుకి వెళ్ళి, స్తంభం నుంచి షెడ్డు దాకా సరిపడా తీగ కొన్నాం.