నొప్పి లేని పుండు

నల్లగొండలో పశువ్యాధుల ల్యాబులో పనిచేసే అల్మాస్ ఇంటికెళ్లాక కూడా మళ్లీ మళ్లీ చేతులు కడుక్కుంటుంది. గోళ్ల సందులు వెలుతురులో చూసుకున్నాకే కూతుర్ని ఎత్తుకుంటుంది. పశువుల నుంచి మనుషులకూ అంటే దొమ్మరోగం (ఆంత్రాక్స్) క్రిమి మట్టిలో ఏళ్లతరబడి బతుకుతుందని చదివినప్పటి నుంచి ఆమెకు ఆ భయం పోలేదు.

ఒక ఉదయం కట్టంగూర్ నుంచి బక్కమ్మ, ఆ తెల్లవారుజామున ఉన్నట్టుండి చచ్చిన గొర్రె చెవిముక్కను కవర్లో ల్యాబుకు తెచ్చింది. ఆమె వేలి మీద మాడినట్టు నల్లగా ఒక పుండు.

"నొస్తాందా అవ్వా?"

"నొప్పేం లేదు బిడ్డా. పోయిన వారం సచ్చిన గొర్రెను కోసినంక లేసింది."

నొప్పి లేదన్న మాటకే అల్మాస్ అనుమానం బలపడింది. దొమ్మపుండు నొప్పి పెట్టదు.

"మరి ఇయ్యాల సచ్చినదాన్ని ఏం చేసిన్రు?"

"మా ఆయన కోస్తనన్నడు."

అల్మాస్ వెంటనే బక్కమ్మ చేత ఇంటికి ఫోన్ కలిపించింది. చాలాసేపు మోగాక ఆమె భర్త ఐలేశం ఎత్తాడు.

"కోసినవా తాతా?"

"ఇంక లేదు. కత్తి నూరుతున్న."

"దాన్ని ముట్టకు. ఎవ్వర్నీ ముట్టనియ్యకు. మావోళ్లు వస్తరు."

చెవిముక్కను పరీక్షకు ఇచ్చి, బక్కమ్మను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. పుండు చూసిన డాక్టరు, టైముకే వచ్చారని, మందులతో తగ్గుతుందని చెప్పాడు. అల్మాస్ గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. అప్పుడు బక్కమ్మ తన వేలిని మొదటిసారి భయంగా చూసుకుంది.

"పోయిన వారం సచ్చిన గొర్రె కూర ఊళ్లె శానామందికి పంచినం బిడ్డా," అంది.