పక్క సీట్లో జాకీ

ఖమ్మంలో కారు జాకీలు అమ్మే షాపులవాళ్లకు నేను ఇటుక మేడంని. ఆ పేరు ఊరికే రాలేదు. చేతిసంచిలో ఎర్ర ఇటుక వేసుకుని వెళ్లి, కౌంటర్ మీద దాన్ని పడుకోబెట్టి, "జాకీ తల ఇంతకంటే ఎత్తు ఉండకూడదు" అని చెప్పేదాన్ని. వాళ్లు ఇటుకను చూసేవాళ్లు, నన్ను చూసేవాళ్లు, ఆ తర్వాత నా వెనకాల మగమనిషి ఎవరైనా ఉన్నారేమోనని చూసేవాళ్లు. ఎవరూ ఉండేవాళ్లు కాదు.

నాది రెండే సీట్లున్న పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కారేపల్లిలో మా ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది, పొలం మా మామ పేరు మీద ఉంది, మోటార్ సైకిల్ కూడా మా ఆయనదే. ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పి నా పేరు మీద నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు ఆ కారు. అది నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. మా వైపు స్పీడ్ బ్రేకర్లు కట్టేవాళ్లకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఒక్కోదాన్ని ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి దాటుతాను. అయినా నాకది ప్రాణం.

పరీక్షల డ్యూటీకని పర్ణశాల వైపు వెళ్లినప్పుడు వచ్చింది అసలు తంటా. తిరిగొస్తుంటే అడవి రోడ్డు మీద ముందు టైరు పంక్చర్ అయింది. స్టెప్నీ ఉంది, మా తమ్ముడి ట్రాక్టర్ దగ్గర అడిగి తెచ్చుకున్న, సీసాలా నిలువుగా ఉండే బాటిల్ జాకీ ఉంది. కానీ జాకీ కారు కిందికి దూరితే కదా! టైరులో గాలి పోయేసరికి కారు ఇంకా కిందికి కూర్చుంది. ఆ మొరం మీద మోకాళ్లు ఆనించి, పడుకుని, పొర్లి చూశాను. నా చీర పాడైంది తప్ప జాకీ దూరలేదు.

అంతలో పర్ణశాల నుంచి వస్తున్న యాత్రికుల బస్సు ఆగింది. ఒక పెద్దావిడ దిగి, "గిదేంది బిడ్డా, బొమ్మ కారు లెక్కుంది" అని నవ్వింది. పదిమంది మగవాళ్లు కలిసి కారు ముందు భాగాన్ని చేతులతో ఎత్తి పట్టుకున్నారు, డ్రైవర్ టైరు మార్చాడు. మంచివాళ్లే. కానీ వాళ్లలో ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికల్లా అది మా ఆయన పనిచేసే కరెంటు ఆఫీసు గ్రూపులో తిరుగుతోంది.

ఆయన అన్నం ముందు కూర్చుని కంచంలోకి చూస్తూ అన్నాడు. "ఇంకొక్కసారి రోడ్డు మీద పదిమందితోని మోయించుకున్నవనుకో, అమ్మేద్దాం. నేను ఆఫీసుల తలెత్తుకోవద్దా?"

నాకు ఒళ్లు మండింది. "సరే, అమ్మేద్దాం. కానీ ఇంకొక్కసారి ఎవరూ మోయరు, చూడండి" అన్నాను. మా అత్త సాక్షి. అలా నా కారు ఉండటమా పోవటమా అన్నది ఒక జాకీ మీదికి వచ్చింది.

మర్నాడే వాకిట్లో ముందు టైరుకు గాలి తీసేసి కొలిచాను. జాకీ పెట్టే చోట కారు కింద ఇటుకను పడుకోబెడితే పట్టింది, నిలబెడితే పట్టలేదు. మళ్లీ కాలి పంపుతో గాలి కొట్టేసరికి నాకు గాలి ఆడలేదు. ఆ ఇటుకనే సంచిలో వేసుకుని ఖమ్మం బయల్దేరాను.

మొదటి షాపాయన ట్రాలీ జాకీ ఒకటి బర్రున లాక్కొచ్చాడు. కింద చక్రాలు, పొడుగు పిడి, చూడటానికి బాగానే ఉంది.

"మూడు టన్నులు లేపుతది మేడం. లారీ గూడ లేస్తది."

"నాకు లారీ లేదు. ఇది ఎంత కిందికి దిగుతుంది?"

"పైకి మస్తు పోతది మేడం."

నేను కిందికి అంటాను, ఆయన పైకి అంటాడు. డబ్బా నిండా టన్నులే రాసి ఉన్నాయి. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందో ఏ మూలా రాసిలేదు. ఇటుక పక్కన పెట్టి చూస్తే దాని తల నాలుగు వేళ్లు పైన ఉంది.

రెండో షాపులో రెండు వేళ్లే తేడా. అక్కడాయన సలహా కూడా ఇచ్చాడు. "చెక్క మీద ఎక్కియ్యండి మేడం. కారు జెర లేస్తది, అప్పుడు జాకీ దూరుతది."

"అడవి మధ్యలో చెక్క ఎక్కడిది?"

"అడవే గదా మేడం, చెక్కలు దొరకయా?"

"ఫారెస్టువాళ్లు చూస్తే కారును కాదు, నన్ను లేపుకుపోతారు" అని ఇటుక తీసుకుని వచ్చేశాను.

ఫోన్‌లో తెప్పించినది ఇంకో ఘోరం. బొమ్మలో నేలకు అంటుకుపోయినట్టు సన్నగా ఉంది, ఇంటికొచ్చింది పొట్టేసుకుని ఉంది. వాపసు చేయటానికి వారం పట్టింది. అంతకాలం దాన్ని దాటుకుంటూ తిరిగిన మా ఆయన ఒక్క మాట అనలేదు. ఏమైనా అంటే దెబ్బలాడి కొంచెం తేలికపడేదాన్ని, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

చివరికి ఇంకో షాపులో, ఇనుప రాక్ కింద దుమ్ములో దొరికింది. పొడుగ్గా, బల్లపరుపుగా ఉంది. ఇటుక పక్కన పెడితే తల ఇటుకకంటే కిందే ఉంది. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే కొనేశాను. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి డిక్కీ తెరిచారు. ఆ డిక్కీలో రెండు చేతిసంచులు పడితే గొప్ప. అడ్డంగా పట్టలేదు, ఏటవాలుగా పట్టలేదు.

"సీట్ల వెట్టాల్నా మేడం?"

పక్క సీట్లో పెట్టించాను. కారు కదిలిందో లేదో కీచుకీచుమని గోల. ఆ బరువుకు ఎవరో మనిషి కూర్చున్నారనుకుని బెల్టు పెట్టుకోమంటోంది! కాసేపు తిట్టుకుంటూ నడిపాను. ఊరి చివర ఆపి జాకీకి బెల్టు పెట్టాను. అప్పుడు గాని నోరు మూయలేదు.

ఇంటికి రాగానే జాకీని సీట్లోంచి కిందికి జార్చి, పార్కింగ్ సిమెంటు మీద, మా ఆయన ఎదురుగానే పరీక్ష పెట్టాను. జాకీ కారు కిందికి మెత్తగా వెళ్లింది. పిడి పట్టి కొడుతుంటే చక్రం నేలను వదిలింది. ఒక్కదాన్నే లేపాను. ఆయన చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత ఆయనా నేనూ కలిసి జాకీని మళ్లీ సీట్లోకి ఎక్కించాం, బెల్టు నేను పెట్టాను.

"గిది రోజూ గీడనే ఉంటదా?" అన్నాడు.

"మరి? పంక్చర్ ఇంట్లో అవుతుందా? ఎక్కడికి వెళ్లినా వెంట ఉండాలి. మీరు పెట్టిన షరతే కదా."

ఆయన ఆ సీటు వైపు చూసి, మెల్లగా అన్నాడు. "మరి నేనేడ కూసోవాలె?"

మోకాళ్లు పట్టవని, జనం చూసి నవ్వుతారని ఎన్ని వంకలు చెప్పాడో! ఒక్కసారి కూడా ఎక్కని మనిషి ఇవాళ సీటు అడుగుతున్నాడు. సంతోషించాలో సంచిలో ఉన్న ఇటుక తీసి విసరాలో అర్థం కాలేదు.

ఆయనే బెల్టు విప్పాడు. జాకీని ఆయాసపడుతూ దింపి గోడ వారగా పెట్టాడు. వంగి, మోకాళ్లు మడిచి, తల తగిలించుకుని, ఎలాగో లోపల కూర్చున్నాడు.

"పా, తిరుమలాయపాలెం దాకా పోయొద్దాం."

"మధ్యలో పంక్చర్ అయితే?"

"అయితే ఏమైతది? పదిమందిని పిలుద్దాం. నేను గూడ ఓ చెయ్యేస్త."

అన్ని షాపులు తిరిగి, ఇటుక మోసి, నవ్వులపాలై తెచ్చిన జాకీ గోడ పక్కనే ఉండిపోయింది. ఆ కోపం తగ్గకుండానే కారు తీశాను. గేటు దాటగానే మళ్లీ కీచుకీచుమని మొదలైంది. ఆయన కంగారుగా అద్దాలు, బటన్లు తడుముతున్నాడు.

"బెల్టు పెట్టుకోండి. జాకీ కూడా పెట్టుకునే వచ్చింది" అన్నాను.