కుండ సుయ్యిమనాలి

ఆత్రేయపురం లోవలక్ష్మి పూతరేకులు కళ్లతో తీస్తుందనుకునేరు, చెవులతో తీస్తుంది. పిండినీళ్లలో ముంచిన గుడ్డని బోర్లించిన వేడి కుండ మీద లాగినప్పుడు సుయ్యిమందా, కాక సరిపోయినట్టు. చుర్రుమందా, మంట తగ్గించాలి. ముప్పయ్యేళ్లుగా ఆ కుండ దగ్గరికి ఇంకొకర్ని రానిచ్చింది లేదు, సొంత కోడలు రమ్యశ్రీని కూడా.

అలాంటి మనిషి మారేడుమిల్లిలో కూతురింటికి వెళ్లి మలేరియా వెంటబెట్టుకొచ్చింది. మామూలు మందు పడలేదని డాక్టరు ఏడు రోజులకి క్వినైన్ మాత్రలు రాశాడు. అబ్బ, అదేం చేదమ్మా! రేకులో చుట్టి మింగినా గొంతు దాకా పట్టుకుంటుంది. చేదు మాట సరే, ఓర్చుకుంది. రెండో రోజుకి ఆ మాత్రల దెబ్బకి చెవుల్లో కీచురాళ్లు దూరినట్టు ఒకటే మోత. ఇక కుండ చప్పుడు ఎక్కడ వినపడుతుంది? ఒక రేకు మాడేది, ఇంకోటి కుండకే అంటుకుపోయేది. పొయ్యి దగ్గర్నుంచి వీధిలోకి, వీధిలోంచి పొయ్యి దగ్గరికి కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

"చెవులు పోయాక నేనెందుకే ఇంక?" అని కోడలి మీద విరుచుకుపడింది.

రాజమండ్రి హోటల్లో పనిచేసే మేనల్లుడు ఉదయభాస్కర్ టానిక్ వాటర్ అనే చేదు సోడా సీసాలు తెచ్చాడు.

"ఇందులోనూ క్వినైనే అత్తా! పూర్వం తెల్లదొరలు జ్వరానికి ఇదే తాగేవారంట."

రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే! లోవలక్ష్మి మాత్రలు బియ్యం డబ్బాలో దాచేసి, పూటకో సీసా తాగింది. రెండు రోజులకి చెవులు కాస్త తేటపడ్డాయి. మూడో రోజు పొయ్యి ముందే చలి కుదిపేసింది. రమ్యశ్రీ పట్టుకోకపోతే మంటలో పడేదే.

చూడ్డానికొచ్చిన నర్సు సత్యవాణి సీసా చూసి తల కొట్టుకుంది.

"ఇందులో క్వినైన్ రుచికి రవ్వంత వేస్తారండి, రోగానికి కాదు. డాక్టరుగారు మళ్లీ మొదట్నుంచీ ఏడు రోజులూ వేసుకోమన్నారు. మాత్రలయ్యాక చెవులు సర్దుకుంటాయి లెండి."

సర్దుకోకపోతేనో? ఆ భయంతోనే లోవలక్ష్మి మాత్రలు మళ్లీ మొదలెట్టింది.

ఒంట్లో ఓపిక చిక్కేసరికి చెవుల్లో మళ్లీ అదే మోత. పెళ్లివాళ్లకి ఒప్పుకున్న రేకులు ఆగవు కదా. కుండ ముందు కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చివరికి కోడల్ని పిలిచింది.

"ఇలా వచ్చి చెవి పెట్టు. సుయ్యిమందా?"

"చుర్రుమందండీ అత్తయ్యా."

"అయితే పొయ్యిలో కొబ్బరి కమ్మలు వెనక్కి లాగు."

మాత్రలున్నన్నాళ్లూ అలాగే గడిచింది. అవి అయిపోయిన నాలుగో పొద్దున గుడ్డ లాగుతుంటే సుయ్యిమన్న చప్పుడు చక్కగా చెవిన పడింది. లోవలక్ష్మికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. పైటతో తుడుచుకుని, పక్కనే చెవొగ్గి కూర్చున్న కోడలి వైపు తిరిగింది.

"ఏమే, సుయ్యిమందా?"