వెనక గోడ

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే బాలకిషన్‌ను సోమరి అని ఎవరూ అనరు. పొద్దున్నే షట్టరు ఎత్తుతాడు, ఒప్పుకున్న సరుకు ఆ పూటే పంపిస్తాడు. అలాంటి మనిషి ఇంటి వెనక గోడను మాత్రం ఎండాకాలమంతా వాయిదా వేశాడు.

రాయి, మట్టి, సున్నంతో కట్టిన తాతలనాటి ఇల్లు. కింద బాలకిషన్ కుటుంబం, పైన అన్న రామ్‌చందర్ కుటుంబం. హోలీ అయ్యాక కూతురు స్రవ్య గదిలో గోడ కాస్త ముందుకు ఉబ్బినట్టు కనిపించింది. పగులులో వేలు పెడితే సున్నం పొడి రాలింది.

"మేస్త్రీని పిలువరాదూ," అంది భార్య కమల.

"పిలుస్తా తియ్. పెండ్లిళ్ల సీజన్ గడవనీ."

సీజన్ గడిచింది. ఎండలు తగ్గనీ అన్నాడు. తగ్గాక, బోనాలు కానీ అన్నాడు. ఈలోగా దుకాణంలో ర్యాకులన్నీ తీసి మళ్లీ సర్దాడు. బాగానే ఉన్న తలుపులకు రంగు వేయించాడు. పగులు కనపడకుండా బీరువా జరిపి, దోమల సాకుతో స్రవ్య మంచాన్ని హాల్లో వేయించాడు. అయినా ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా వెళ్లి గోడ మీద చెయ్యి ఆనించేవాడు.

ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. దుకాణంలో బాలకిషన్ ఒక గిన్నెకు ఇంకో గిన్నె మూత కట్టి ఇచ్చాడు. ఉండబట్టలేక ఇంటికి ఫోన్ చేశాడు.

"స్రవ్య యాడుంది?"

"ఆ అర్రలనే ఉన్నది. బుక్కులు తీసుకుంటున్నది."

"బయటికి రమ్మను! జల్ది!"

షట్టరు దించి, తడుస్తూ పరుగెత్తాడు. గది తలుపు సగంలో బిగుసుకుపోయి ఉంది. నేల మీద కొత్తగా మట్టి రాలింది. స్రవ్య హాల్లో పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

కమల రాలిన మట్టిని చూపించింది. "నీకు గోడ ఫికర్ కాదు. మీ అన్న మొఖం జూడాల్నని భయం. గంతే."

అది నిజమే. గోడ విప్పాలంటే పై గది ఖాళీ చేయించాలి. ఆ సంగతి అన్నకు చెప్పాలి. నీళ్ల మోటారు దగ్గర లొల్లి అయినప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

మెట్లెక్కి తలుపు ముందు ఆగాడు. వాన తగ్గినాక వద్దామనిపించింది. ఇన్నాళ్లూ ఇలాగే అనిపించిందని అప్పుడు తెలిసింది. తలుపు కొట్టాడు.

"అన్నా... వెనక గోడ కూలేటట్టున్నది. నీ అర్ర ఖాళీ చెయ్యాలె."

రామ్‌చందర్ తమ్ముణ్ని లోపలికి తీసుకుపోయి, గోడవార పరిచిన జంపఖానా ఎత్తాడు. నేల గోడను విడిచి కిందికి దిగి ఉంది.

"ఎండలు కొట్టకముందు నుంచి సూస్తున్న. నీతోని ఎట్ల జెప్పాల్నో సమజ్ గాలే."

"మరి ఈడ ఎవరు పంటున్నరే?"

"మీ వదిన."

ఇద్దరూ జంపఖానా పక్కనే ఉన్న మంచం వైపు చూశారు. తర్వాత చెరోవైపు పట్టుకుని బయటికి మోశారు.

సాయంత్రానికి మేస్త్రీ మొగులయ్య వచ్చి పై అంతస్తుకు కర్రలు ఆనించాడు. "ఈ అర్రలల్ల ఎవ్వరు అడుగు పెట్టొద్దు," అన్నాడు. మూడో రోజు, గోడ విప్పడం మొదలుపెట్టేలోపే, అది దానంతటదే కూలింది. బీరువా మట్టి కింద నుజ్జయిపోయింది. ఇంట్లో ఎవరికీ గీత కూడా పడలేదు. దుమ్ము సర్దుకున్నాక చూస్తే స్రవ్య మంచం ఉండే చోట రాళ్లకుప్ప.

గోడ లేచేదాకా రెండిళ్ల వంటా కిందనే సాగింది. అన్నదమ్ములు ఇటుకల గురించీ సిమెంటు గురించీ తప్ప పెద్దగా మాట్లాడుకోలేదు. ఒక పొద్దున మాత్రం చాయ్ తాగుతూ బాలకిషనే అన్నాడు: "మోటారు సంగతి గూడ ఇయ్యాల్నే తెంపుదామన్నా."

రామ్‌చందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "చెప్పు," అన్నాడు.